‘దేనికొచ్చారు?’ అని నలుగురిలో అడగొద్దని చెప్పండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసే కౌంటర్ దగ్గర ఒక ప్రశ్న అడుగుతారు. “దేనికొచ్చారు?” గాజు పలకకున్న చిన్న కంతలోంచి మాట్లాడాలి కాబట్టి వాళ్లు గట్టిగానే అడుగుతారు, మనమూ గట్టిగానే చెప్పాలి. ఆ రోజు నా వెనక పదిహేను మందైనా ఉన్నారు. నేను “తలనొప్పి” అన్నాను. జనరల్ డాక్టరు దగ్గరికి పంపారు. మాత్రలు రాయించుకుని ఇంటికొచ్చేశాను. నాకు తలనొప్పి లేదండీ.

నాకున్నవి అంగం తల అంచు చుట్టూ, వరసగా, ఆవగింజంతేసి పొక్కులు. నొప్పి లేదు, దురదా లేదు. స్నానం చేస్తుంటే కంటబడ్డాయి. ఇక ఆ రోజు నుంచి బాత్రూంలో గడియ పెట్టుకుని ఫోను టార్చి వేసి లెక్కపెట్టడమే పని. ఒకరోజు పంతొమ్మిది, మర్నాడు ఇరవై మూడు. ఇంట్లోవాళ్లు మలబద్ధకం అనుకున్నారు, నేనూ కాదనలేదు. మందుల షాపులో ఏదో ట్యూబు తెచ్చి రాశాను. అందులో స్టెరాయిడ్ ఉందని తర్వాత తెలిసింది. లేని జబ్బుకి మందు రాసి, బాగున్న చర్మాన్ని మంట పెట్టుకున్నాను.

ఏడు నెలలకి ధైర్యం చేసి చర్మ డాక్టరుకి చూపించాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. “పెర్లీ పాపుల్స్ బాబూ ఇవి. జబ్బు కాదు, ఎవరికీ అంటవు, మందు అక్కర్లేదు” అన్నారు.

అన్నీ ఇలాంటివే కావని కూడా ఆయనే చెప్పారు. లేత పసుపు చుక్కల్లా ఉండే ఫోర్డైస్ మచ్చలు ఒట్టి నూనె గ్రంథులు. షేవింగ్ తర్వాత వెంట్రుక లోపలికి పెరిగి సెగ్గడ్డలా లేచేవి కొన్ని. నడిమధ్య గుంట పడితే మొలస్కం అనే వైరస్ కావచ్చు. కాలీఫ్లవర్‌లా గరుగ్గా పెరిగేవి హెచ్‌పీవీ పులిపిర్లు, ఎక్కువగా ఆ పేరున్న వైరస్‌లోని 6, 11 రకాల వల్ల వస్తాయి. వీటిని అడ్డుకునే టీకా 2006 నుంచీ ఉంది. గుంపుగా లేచి మండే నీటిపొక్కులైతే హెర్పిస్ అనే ఇంకో వైరస్ జబ్బుని అనుమానించాలి.

నన్ను భయపెట్టింది మాత్రం కలయిక వల్ల అంటుకునే సిఫిలిస్ జబ్బు. కలయిక జరిగిన సుమారు 3 వారాలకి నొప్పి లేని పుండు లేస్తుంది. మందు వెయ్యకపోయినా 3 నుంచి 6 వారాల్లో దానంతటదే మానుతుంది. హమ్మయ్య అనుకుంటాం, జబ్బేమో ఒంట్లోనే ఉంటుంది. భార్యకి, ఆమె కడుపులో బిడ్డకీ పాకగలదు. మొదట్లోనే పట్టుకుంటే పెన్సిలిన్ ఒక్క మోతాదుతో నయమవుతుంది. నేనాడిన అబద్ధానికి నాకు ఏడు నెలల నిద్ర పోయింది. ఆ పుండున్నవాడు కూడా నాలాగే “తలనొప్పి” అంటే?

ఆడవాళ్ల సంగతి మరీ కష్టం. పక్కన అత్తగారు నిలబడి ఉండగా “దేనికొచ్చావమ్మా?” అంటే ఆ పిల్ల ఏం చెబుతుంది?

అందుకని అడుగుతున్నాను. కౌంటర్ దగ్గర ఆ ప్రశ్న మాన్పించండి. ఏ డాక్టరు కావాలో చీటీ మీద టిక్కు పెట్టుకోనివ్వండి. గదికి తెర కట్టించండి, ఒకరిని చూస్తుంటే ఇంకొకరిని లోపలికి రానివ్వొద్దు. ‘సుఖవ్యాధులు’ అన్న బోర్డు కూడా తీయించండి. ఏడు నెలల్లో సుఖమెక్కడుందో నాకైతే కనబడలేదు. ‘చర్మ విభాగం’ అంటే సరిపోతుంది.

ఏ పొక్కు ఎలా ఉంటుందో, దేనికి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలో బొమ్మలతో పోస్టరు వేయించండి. దాన్ని ఆసుపత్రి గోడకి మాత్రం అంటించొద్దు, నలుగురిలో నిలబడి ఎవరూ చదవరు. మరుగుదొడ్డి తలుపుకి, లోపలి వైపు అంటించండి.

ఇట్లు,
పేరు రాయడానికి ఇంకా ధైర్యం చాలని ఒక పౌరుడు