పీవీ ఓడింది వరంగల్‌లో కాదు, హన్మకొండలో

సంపాదకులకు నమస్కారం.

1984 లోక్‌సభ ఎన్నికల్లో పి.వి. నరసింహారావు గారు "వరంగల్‌లో" ఓడిపోయారని ఈ మధ్య పత్రికల వ్యాసాల్లోనూ, టీవీ చర్చల్లోనూ తరచుగా కనబడుతోంది, వినబడుతోంది. ఇది పొరపాటు. ఆయన ఓడింది హన్మకొండ లోక్‌సభ స్థానంలో. ఆ ఎన్నికల్లో వరంగల్ వేరే నియోజకవర్గం, అక్కడ తెలుగుదేశం అభ్యర్థి టి. కల్పనాదేవి గారు గెలిచారు. హన్మకొండ స్థానం 2008 నియోజకవర్గాల పునర్విభజనలో రద్దయింది కనుక దాని చరిత్రను కూడా పక్కనున్న పెద్ద ఊరి ఖాతాలో వేసేయడం అలవాటైపోయినట్టుంది.

ఈ స్థానానికి 1977 నుంచి 2008 వరకు ఉప ఎన్నికతో కలిపి పదిసార్లు పోలింగ్ జరిగితే గెలిచినవారు అయిదుగురే. 1977లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోగా, ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే దక్కాయి. పీవీ గారు లోక్‌సభలో తొలిసారి అడుగుపెట్టింది ఆ ఎన్నికల్లో హన్మకొండ నుంచే. 1980లోనూ ఇక్కడి ఓటర్లు ఆయన్నే పంపారు.

1984 కథ వేరు. ఆగస్టులో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వాన్ని గవర్నరు బర్తరఫ్ చేయడం, జనం వీధుల్లోకి రావడం, సెప్టెంబరులో ఆయన్ను తిరిగి ముఖ్యమంత్రిని చేయక తప్పకపోవడం మా తరానికి కళ్లకు కట్టినట్టు గుర్తు. అప్పుడు కేంద్ర హోంమంత్రి పీవీ గారే. డిసెంబరు ఎన్నికల్లో ఇందిరా గాంధీ హత్య తాలూకు సానుభూతి దేశమంతటా కాంగ్రెస్‌ను ముంచెత్తినా ఇక్కడ పారలేదు. తెలుగుదేశం మద్దతుతో నిలబడిన బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి గారు 54 వేల పైచిలుకు ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆయనేమీ ఆకాశం నుంచి ఊడిపడిన మనిషి కాదు, అంతకుముందే పరకాల, శాయంపేటల నుంచి శాసనసభకు ఎన్నికైనవారు. అది బ్యాలెట్ పేపర్ల కాలం. ఉపాధ్యాయుడైన మా నాన్న ఎన్నికల డ్యూటీకి ఇనుప పెట్టె మోసుకుని వెళ్లి, మర్నాడు వేళ్లనిండా లక్క మరకలతో ఇంటికొచ్చి, "మనూర్ల గాలి మారింది బిడ్డా" అని మాత్రం అని పడుకున్నాడు. ఆ లోక్‌సభలో బీజేపీకి దక్కినవి రెండే స్థానాలు, ఒకటి గుజరాత్‌లోని మెహసానా, రెండోది మా హన్మకొండ. మహారాష్ట్రలోని రామ్‌టెక్ నుంచి కూడా పోటీ చేసి గెలవబట్టి పీవీ గారు ఆ సభలో ఉండగలిగారు.

ఇక్కడే ఇంకో అపోహ ఉంది. ప్రధాని అయ్యేనాటికి ఆయన హన్మకొండ ఎంపీ అని నమ్మేవారు మా ఊళ్లోనే ఉన్నారు. 1991 సార్వత్రిక ఎన్నికల్లో ఆయన అసలు పోటీయే చేయలేదు. ప్రధాని అయ్యాక నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి సభకు వెళ్లారు. అప్పుడు హన్మకొండ ఎంపీ 1989, 1991, 1996లలో వరుసగా గెలిచిన కమాలుద్దీన్ అహ్మద్ గారు. పీవీ మంత్రివర్గంలో ఆయన సహాయమంత్రి కూడా. 1998, 1999లలో తెలుగుదేశం తరఫున చాడ సురేశ్ రెడ్డి గారు, 2004లో తెలంగాణ రాష్ట్ర సమితి నుంచి బి. వినోద్ కుమార్ గారు గెలిచారు.

చివరి ఎన్నిక ఒక చిత్రం. నియోజకవర్గాల పునర్విభజన ఉత్తర్వు 2008 ఫిబ్రవరిలోనే అమల్లోకి వచ్చినా, కొత్త సరిహద్దులు తర్వాతి సార్వత్రిక ఎన్నికల నుంచే వర్తిస్తాయి. అందుచేత తెలంగాణ కోసం టీఆర్‌ఎస్ ఎంపీలు రాజీనామా చేసినప్పుడు, కాగితం మీద అప్పటికే రద్దైన హన్మకొండకు ఆ మే నెలలో ఉప ఎన్నిక జరిగింది. వినోద్ కుమార్ గారు మళ్లీ గెలిచారు. ఏడాది తిరిగేసరికి సీటే లేకుండాపోయి, 2009లో ఆయన కరీంనగర్‌కు వెళ్లి పోటీ చేయాల్సి వచ్చింది.

అదే పునర్విభజనలో హన్మకొండ అసెంబ్లీ స్థానం కూడా వరంగల్ పశ్చిమగా మారింది. 2021లో జిల్లాకు హనుమకొండ పేరు పెట్టారు గాని, చట్టసభల స్థానాల జాబితాలో మాత్రం ఆ పేరు నేటికీ లేదు. పునర్విభజన మాట మళ్లీ వినబడుతున్నందున ఈ సంగతి సంబంధితుల చెవిన వేయాలని నా కోరిక. ఈలోగా తమ పత్రికలో 1984 ప్రస్తావన వచ్చినప్పుడల్లా నియోజకవర్గం పేరు హన్మకొండ అనే అచ్చువేయించగలరని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హనుమకొండ