మంత్రిగారూ, ఆ లెక్కలు ఎందుకు తీసేశారు?

విదేశీ విరాళాల చట్టం చూసే కేంద్ర మంత్రిగారికి,

నమస్కారం. విదేశీ డబ్బు తీసుకునే సంస్థల లెక్కలు మీ వెబ్‌సైటులోంచి ఎందుకు తీసేశారని అడుగుతూ రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటి మూడూ రిజిస్టరు పోస్టులో పంపాను. రసీదులు ట్రంకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి, జవాబే లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేట్టు రాస్తున్నాను.

కొత్తపట్నం మండలంలో ఒక పాలెంలో, సునామీ తర్వాత పెట్టిన పిల్లల కేంద్రంలో నేను పదకొండేళ్లు ఉత్తరాలు అనువాదం చేశాను. విదేశాల్లో ఉండే దాతలు తలా ఒక బిడ్డకు నెలనెలా డబ్బు పంపేవాళ్లు. బిడ్డ తెలుగులో రాసిన దాని కిందే ఇంగ్లీషులో రాసి నా పేరు పెట్టేదాన్ని. ఒకసారి ఒక పిల్ల "నాయన వలకి సొర పడింది, అమ్మ పుట్టు చేసింది" అని రాస్తే, ఉన్నదున్నట్టు షార్క్ అని పంపాను. కెనడాలో ఆ పెద్దామె హడలిపోయి, మీ నాయనకు దెబ్బలేమైనా తగిలాయా అని రాసింది. సొరపుట్టు అంటే సొరచేపను ఉడికించి పొడిగా చేసే కూర అని చెప్పడానికి నాకు ఇంకో పేజీ పట్టింది.

2020 సెప్టెంబరులో చట్టం మార్చారు. ఒక సంస్థకొచ్చిన విదేశీ డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. మాకు వచ్చేదే చెన్నైలోని పెద్ద సంస్థ నుంచి. ఇంకేముంది, తలుపుకు తాళం పడింది. పిల్లలకు ఇదీ సంగతి అని చెప్పిన నాథుడు లేడు. పంపడానికి రాసిపెట్టిన పద్నాలుగు ఉత్తరాలు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

మా దగ్గర వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. బళ్లేమో జూన్ 12న తెరుస్తారు. రెండు నెలలు పడవ ఒడ్డునే ఉన్న ఇంట్లో సరిగ్గా ఆ వారమే ఖర్చులు మీద పడతాయి. మా పిల్లల కేంద్రం చెప్పులు, గొడుగు, నోటు పుస్తకాలు ఇచ్చేది అప్పుడే. ఇప్పుడు చేపలు కొనే వ్యాపారి దగ్గర అప్పు తెస్తున్నారు. ఆ తర్వాత ఆయన చెప్పిందే ధర.

సరే, దాన్నీ వదిలేస్తాను. దొంగ సంస్థలు లేవని నేననను. ఒకే పిల్లవాడి ఫొటో ఇద్దరు దాతలకు పంపి ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకున్నవాళ్లను నా కళ్లతో చూశాను. విదేశీ డబ్బు తీసుకోవడానికి మీరిచ్చే లైసెన్సు వాళ్లకు తీసేస్తే మీ పేరు మీద నేనే కొబ్బరికాయ కొడతాను.

కానీ ఆ కెనడా ఆమె, ఉత్తరాల కింద ఉన్న నా పేరు పట్టుకుని ఫేస్‌బుక్‌లో నన్ను వెతికింది. ఆ పిల్ల పెద్దదైపోయుంటుంది, మీ తీరంలోనే ఇంకో బిడ్డను చూసుకుంటాను, ఏ సంస్థ నమ్మకమైంది అని అడిగింది. ఆమెవన్నీ సూటి ప్రశ్నలు. డబ్బు ఆ బిడ్డ చేతికే వెళ్తుందా, ఊరందరికీ కలిపి ఖర్చు పెడతారా? ఆఫీసు ఖర్చు 20 శాతం దాటకూడదంటగా, దాటలేదని ఎక్కడ చూడాలి? ఇప్పుడు లైసెన్సు రద్దయిన వాళ్లెవరు?

ఇదివరకైతే చిటికెలో చూపించేదాన్ని. మీ వెబ్‌సైటులోనే ఏ సంస్థకు ఏ ఏడు ఎంత వచ్చింది, దేనికి ఖర్చు పెట్టింది అని వార్షిక రిటర్నులు ఉండేవి. రద్దయిన సంస్థల జాబితా కూడా ఉండేది. 2022 జులైలో రెండూ తీసేశారు. మూణ్ణెల్లకోసారి విరాళాలు ప్రకటించాలన్న నిబంధన కూడా ఆ నెలలోనే ఎత్తేశారు. సంస్థలు తమ సొంత వెబ్‌సైటులో పెట్టుకుంటాయి కదా అంటారేమో. మజ్జిగ అమ్మేవాళ్లు ఎవరైనా తమ మజ్జిగ పుల్లగా ఉందంటారా అండీ? దాత మోసపోకూడదనే కదా ఇంత చట్టం? మరి దాత కళ్లకు గంత కట్టడమేంటి? మంచివాళ్లూ దొంగలూ ఒకే గాటన కనపడితే లాభం దొంగలకేగా.

ఆ రిటర్నులు, ఆ జాబితా మళ్లీ పెట్టండి. జిల్లాల వారీగా పెడితే ఇంకా సంతోషం. మూసేసిన కేంద్రం పిల్లలకు ఒక్క ముక్కైనా చెప్పించండి.

ఆమె పోయిన వారం మళ్లీ రాసింది. ఈ నెలాఖరు దాకా చూసి, కుదరకపోతే వేరే దేశంలో బిడ్డను ఎంచుకుంటుందట. మీరు హిందీలో జవాబిచ్చినా ఫరవాలేదు, ఇంగ్లీషులోకి మార్చి ఆమెకు నేను పంపుకుంటాను. కింద నా పేరు పెట్టడం కూడా అలవాటే.

ఇట్లు,
ఒక పాత అనువాదకురాలు,
కొత్తపట్నం మండలం, ప్రకాశం జిల్లా