బిల్లులో అడగకుండా కలిపిన యాంటీవైరస్

సంపాదకులకు నమస్కారం.

దేవరకొండలో పదిహేనేళ్లుగా చిన్న జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఈ మధ్య నల్లగొండలో కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు, నేను అడగకుండానే దుకాణం వారు బిల్లులో యాంటీవైరస్ ధర కూడా కలిపారు. ఇదెందుకని అడిగితే, అది లేకపోతే సిస్టమ్ నెల కూడా నిలవదని చెప్పారు. నేను దాన్ని తీయించేసి వచ్చాను గానీ, ఆ మాట నమ్మి ఏటా డబ్బు కట్టేవారు మన జిల్లాలో తక్కువేమీ కాదు.

ఒకప్పుడు ఆ మాటలో నిజముండేది. విండోస్ ఎక్స్‌పీ నడిచిన రోజుల్లో, డిగ్రీ విద్యార్థులు ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు కోసం తెచ్చిన పెన్ డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయేవి; ఆ వైరస్ తర్వాత వచ్చిన వారి పెన్ డ్రైవ్‌కూ అంటుకునేది, నింద మాత్రం మా షాపు మీద పడేది. అయితే 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌లోనే ఉంటోంది. దానికి వేరే రుసుము లేదు, అప్‌డేట్లు తమంతట తామే వస్తాయి. ఇంటి అవసరాలకూ, మాలాంటి చిన్న షాపులకూ అది సరిపోతుందన్నది నా అనుభవం.

సరిపోనిది ఎక్కడంటే, దాన్ని మనమే ఆపేసిన చోట. దొంగ విండోస్, క్రాక్ చేసిన ఆఫీస్ వేసేవారు ముందుగా డిఫెండర్‌ను ఆపి, ఆ తర్వాతే పని మొదలుపెడతారు. అదే కంప్యూటర్‌కు మళ్లీ డబ్బు పెట్టి యాంటీవైరస్ వేయించడం, ఇంటి కుక్కను కట్టేసి కాపలాకు మనిషిని కుదుర్చుకున్నట్టు ఉంటుంది. అప్‌డేట్లను వాయిదా వేయడం ఇంకో పొరపాటు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ ప్రపంచమంతటా కంప్యూటర్లను తాళం వేసి డబ్బు అడిగినప్పుడు, అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు విడుదల చేసి ఉంది. ఇప్పుడు విండోస్ 10కు సాధారణ మద్దతు, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14న ముగిసింది. పాత యంత్రాల్లో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు కనుక వాటిని అలాగే వాడుతున్నారు. వాటికి ఎంత ఖరీదైన యాంటీవైరస్ వేసినా లోపలి కన్నాలు పూడవు.

ఫోన్ల సంగతి వేరు. ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ మరో యాప్ లోపలి సమాచారాన్ని చూడలేదు; ఐఫోన్‌లో ఈ కట్టడి ఇంకా గట్టిది. కాబట్టి 'వైరస్ క్లీనర్' అని ప్రకటించుకునే యాప్ మన ఫోన్‌ను కంప్యూటర్‌లో మాదిరిగా జల్లెడ పట్టలేదు. యాంటీవైరస్‌లను పరీక్షించే ఏవీ కంపారిటివ్స్ సంస్థ 2019లో 250 ఆండ్రాయిడ్ యాంటీవైరస్ యాప్‌లను పరీక్షిస్తే, హానికర యాప్‌లలో 30 శాతానికి మించి పట్టుకుని, మంచి యాప్‌లను తప్పుగా పట్టనివి 80 మాత్రమే. హానికర యాప్‌లను వెతికే గూగుల్ ప్లే ప్రొటెక్ట్ ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో ముందే ఉంటుంది.

మా షాపుకు వచ్చే రైతులు మోసపోయేది వైరస్ వల్ల కాదు, వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పని లేకుండా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వల్ల. ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ డబ్బులనో, పెళ్లి పత్రిక అనో పేరు పెట్టి పంపుతారు. నొక్కితే ఫోన్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక ఇంగ్లీషులో ఉంటే చదివేదెవరు? మెసేజీలు చదివేందుకు అనుమతి ఇచ్చేశాక ఓటీపీలు అవతలివాడికి చేరిపోతాయి. ఇక ఫోన్‌లో నమ్మబలికిన వాడికి ఓటీపీ తామే చెప్పేస్తే, ఏ యాంటీవైరస్ అడ్డుపడుతుంది?

అమ్మకందారులు కొనుగోలుదారుణ్ని అడిగి, అతడు ఒప్పుకున్నాకే యాంటీవైరస్‌ను బిల్లులో చేర్చాలి. ఊళ్లలోని బ్యాంకు శాఖలు, మీ సేవ కేంద్రాలు ఏపీకే ఫైళ్ల గురించి తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డులు పెట్టాలి. డబ్బు పోయిన వెంటనే ఫిర్యాదు చేయాల్సిన సైబర్ మోసాల సహాయవాణి 1930 నంబరును మీ జిల్లా పేజీలో రోజూ ఒక మూలన అచ్చు వేయవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.