గురువారం బల్ల తీసెయ్యను

కార్డిఫ్‌లో మన టిఫిన్ సెంటర్‌కి వచ్చేవాళ్ళందరికీ నమస్కారం.

నెల రోజులుగా గురువారం సాయంత్రం చోటు దొరక్క వెనక్కి వెళ్ళినవాళ్ళకి ముందుగా సారీ. కిటికీ పక్క మూడు బల్లలు కలిపేసి వెల్ష్, అంటే ఇక్కడి వేల్స్ వాళ్ళ సొంత భాష, నేర్చుకునేవాళ్ళు కూర్చుంటున్నారు. అది క్లాసు కాదు, టీచర్ ఎవరూ ఉండరు. వచ్చిన నాలుగు ముక్కలూ తప్పో ఒప్పో మాట్లాడుకోడానికి వస్తారు. వాళ్ళు కలిసే పబ్బు మూతపడింది. మా అమ్మాయి చదివేది వెల్ష్ మీడియం బడిలో కదా, నేనే రమ్మన్నాను.

ఇక బోర్డు సంగతి. వెల్ష్ మాట్లాడుకునే బల్ల అని చెప్పడానికి "బుర్ద్ కమ్రైగ్" అని అమ్మాయి చేత రాయించి ప్రింటింగుకి ఇచ్చాను. ప్రింటరు రెండు అక్షరాలు మార్చి "కమ్రెయిగ్" అని కొట్టాడు. భాషని కమ్రైగ్ అంటారు, వేల్స్‌కి చెందిన వస్తువైతే కమ్రెయిగ్. అంటే వేల్స్‌లో తయారైన బల్ల అని బోర్డు పెట్టుకుని మూడు వారాలు కూర్చున్నానన్నమాట! వచ్చినవాళ్ళు మొహమాటానికి చెప్పలేదు. ప్రింటరేమో "కంప్యూటర్ అలాగే చూపించింది" అని, మళ్ళీ కొట్టడానికి మళ్ళీ డబ్బులడిగాడు. 2008లో వేల్స్‌లోనే స్వాన్సీలో రోడ్డు బోర్డు మీద అనువాదం బదులు, అనువాదకుల నుంచి వచ్చిన "నేను ప్రస్తుతం ఆఫీసులో లేను" అన్న ఈమెయిల్ జవాబే వెల్ష్‌లో ఎక్కింది, అందరూ నవ్వుకున్నారు. అది కౌన్సిల్ బోర్డు. ఇది నా షాపు. పైసా ఇవ్వలేదు. అమ్మాయే రంగుతో దిద్దింది.

నిద్రపట్టనిది మాత్రం ఇంకో విషయానికి. "ఒక్క టీ తాగి రెండు గంటలా?" అని మీలో ఇద్దరు ముగ్గురు అన్నారు. నాకూ అద్దె గుర్తొచ్చింది. మనిషికి అయిదు పౌండ్లు తగ్గకుండా ఆర్డరివ్వాలని కాగితం అంటించాను. ఆ తర్వాతి గురువారం పన్నెండు మందికి నలుగురే వచ్చారు. దోసెలు తెప్పించుకుని, ఇంగ్లీషులో మాట్లాడుకుని వెళ్ళిపోయారు. బిల్లు తీసుకుంటుంటే తలెత్తలేకపోయాను. 2021 జనాభా లెక్కల ప్రకారం కార్డిఫ్‌లో వెల్ష్ వచ్చినవాళ్ళు 12.2 శాతమే. వీధిలో ఎవరిని పలకరించినా ఇంగ్లీషే వస్తుంటే వీళ్ళు ఎక్కడ మాట్లాడతారు? ఆ రాత్రే కాగితం చింపేశాను. నష్టమంటారా, నేను చూసుకుంటాను.

గురువారం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆ మూడు బల్లలు వాళ్ళవే. మిగతా అయిదింటికీ ముందు ఫోన్ చేస్తే ఆపి ఉంచుతాను. మీరూ వాళ్ళతో కూర్చోవచ్చు. పాలని దక్షిణం వాళ్ళు "ల్లాయిత్" అంటారు, ఉత్తరం వాళ్ళు "ల్లెవ్రిత్" అంటారు. నాలుక పక్క నుంచి గాలి వదిలే ఆ "ల్ల" నాకింకా రాలేదు, ఎలా అడిగినా టీ ఇస్తాను. బోర్డులో మళ్ళీ తప్పు కనబడితే మాత్రం దయచేసి అదే రోజు చెప్పండి.