'పెద్ద అల', 'జడివాన' ప్రింట్లు తీసుకున్నవారికి: నీలంలో వచ్చిన తేడా, మారుతున్న లేబుళ్లు, ఫ్రేము సంగతి

మా దగ్గర జూన్, జులై నెలల్లో జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 'పెద్ద అల' గానీ, అదే దేశపు హిరోషిగె 'షిన్ ఓహాషి వంతెన మీద జడివాన' గానీ తీసుకున్నవారు ప్రింటును ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. కింద కుడి మూలన పెన్సిల్‌తో 'ఖ' అని ఉంటే, ఆ వాయిలో నీలం చెడింది. తప్పు మాదే. డబ్బు వెనక్కి తీసుకున్నా సరే, కొత్త ప్రింటు తీసుకున్నా సరే.

ఇప్పటికే ఫ్రేము కట్టించేసి ఉంటే విప్పక్కర్లేదు. పగటిపూట కిటికీ దగ్గరకు తెచ్చి, నేరుగా ఎండ పడకుండా చూడండి. అల లోపలి ముదురు చారలు ఫౌంటెన్ పెన్ను సిరాలా చిక్కటి నీలంగా ఉండాలి. చెడిన వాయిలో అవి నెమలి కంఠం వైపు, ఆకుపచ్చగా జరిగాయి. 'జడివాన'లో పైనున్న నల్ల మబ్బు కిందికి కరిగిపోతూ రావాలి. చెడినవాటిలో అక్కడ అడ్డంగా మూడు నాలుగు పట్టీలు మెట్లలా తేలాయి. పసుపు బల్బు కింద ఈ తేడా కంటికి ఆనదు. మా తనిఖీ బల్లమీద వెలిగేది కూడా ఆ బల్బే కావడం వల్ల చెడిన ప్రింట్లు మీ ఇళ్ల దాకా వచ్చేశాయి.

జరిగిందేమిటంటే, మేం కాగితం మార్చాం. పాత కాగితం మెరిసే తెలుపు. అందులో కలిపిన బ్రైటనర్ల వల్ల ఆ తెలుపు వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ వాటి శక్తి తగ్గి కాగితం పసుపెక్కుతుంది. పైగా దాదాపు 200 ఏళ్ల నాటి బొమ్మకు ఆ తెలుపు నప్పదు. అందుకని బ్రైటనర్లు లేని, మీగడ రంగు నూలు కాగితానికి వచ్చాం. ఆ నిర్ణయం సరైనదే, దాని మీదే ఉంటాం. అయితే ప్రింటరుకు ప్రతి కాగితానికీ ఒక ప్రొఫైల్ ఉంటుంది, అంటే ఏ రంగుకు ఏ సిరా ఎంత వదలాలో చెప్పే లెక్క. కాగితం మారినా లెక్క పాతదే ఉండిపోయింది. తెల్ల కాగితం లెక్కతో మీగడ కాగితం మీద నీలం వేస్తే, కాగితంలోని పసుపు ఛాయ తోడై ఆకుపచ్చ తేలుతుంది. మబ్బులో మెట్లకు కారణం వేరు. తక్కువ ఛాయలు పట్టే 8 బిట్ ఫైలు మీద ముదురు ఛాయలను సవరించడంతో ఛాయకూ ఛాయకూ మధ్య ఉండాల్సిన సన్నని తేడాలు ఎగిరిపోయాయి. ఇప్పుడు ఫైలు ప్రింటరుకు చేరేదాకా ఎక్కువ ఛాయలు పట్టే 16 బిట్‌లోనే ఉంటుంది. ప్రతి వాయికీ ముందు అరచెయ్యి వెడల్పు పట్టీ ఒకటి అచ్చేసి, సిరా కుదురుకోవడానికి 24 గంటలు ఆగి, పగటి వెలుగులో చూసి, ఆ తర్వాతే మిగతావి వేస్తున్నాం.

ఒక్క నీలం కోసం ఇంత పట్టింపు ఎందుకంటే, 'పెద్ద అల' నిలబడిందే ఆ రంగు మీద. ఆ రంగు రాకముందు జపాన్ అచ్చు బొమ్మల్లో తరచుగా కనిపించే ఒక నీలం చిన్న పువ్వు నుంచి తీసేవారు. వెలుగు పడినా, తడి తగిలినా అది వెలిసిపోయేది. యూరప్ నుంచి వచ్చిన ప్రష్యన్ బ్లూ అనే నీలం వెలుగుకు బాగా ఆగుతుంది, నీళ్లు కలిపేకొద్దీ లేత ఛాయలు తేటగా ఇస్తుంది. బెర్లిన్ పేరు మీదుగా జపాన్‌లో దాన్ని 'బెరో' అన్నారు. 'పెద్ద అల' కూడా ఉన్న హొకుసాయ్ 'ఫూజీ కొండ 36 దృశ్యాలు' 1830 ప్రాంతంలో ఆ నీలంతోనే మొదలయ్యాయి. పేరుకు 36, తర్వాత 10 కలిపి మొత్తం 46. 'పెద్ద అల'లో గీతలు కూడా నలుపు కాదు, ముదురు నీలం. చాలా పోస్టర్లలో ఆ గీతలను నల్లగా వేసేస్తారు. అప్పుడు నురగ గోళ్లు గోళ్లుగా విడిపోయి, నీటి బరువు పోతుంది.

ఇక లేబుళ్ల సంగతి. ఇప్పటిదాకా మా ప్రింట్లన్నిటి మీదా 'జపాన్ ఉడ్‌బ్లాక్ ప్రింట్' అని వేస్తూ వచ్చాం. అది సరికాదు. మేం అమ్మేవి ఉడ్‌బ్లాక్ ప్రింట్లకు, అంటే చెక్కిన చెక్క పలకలతో చేత్తో అచ్చేసిన బొమ్మలకు, మెషిన్ మీద తీసిన నకళ్లు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో అందరికీ తెరిచిపెట్టిన బొమ్మల ఫైళ్ల నుంచి, పిగ్మెంటు సిరాలతో అచ్చేసినవి. ఇకపై లేబుల్ మీద 'మెషిన్ నకలు' అనే ఉంటుంది.

చేత్తో అచ్చేసే నకలు పూర్తిగా వేరే వస్తువు. టోక్యోలో అడాచి సంస్థ వంటి చోట్ల ఈనాటికీ పలకలు కొత్తగా చెక్కి అచ్చేస్తున్నారు. పల్చటి కాగితం మీది గీతల్ని బోర్లా అంటించి, అడవి చెర్రీ చెక్కను ఆ గీతల వెంట చెక్కుతారు. గీతలకు ఒక పలక, రంగురంగుకూ మరొకటి. పెడనలో కలంకారీ అచ్చు చూసినవారికి తేడా ఇట్టే తెలుస్తుంది. అక్కడ టేకు అచ్చును రంగులో అద్ది గుడ్డ మీద పైనుంచి కొడతారు. జపాన్ పద్ధతిలో పలక కదలదు. దాని మీద బ్రష్షుతో నీటి రంగు, కాస్త బియ్యపు గంజి పూసి, తడిపిన కాగితాన్ని బోర్లా పరిచి, వెనక నుంచి 'బారెన్' అనే గుండ్రటి బిళ్లతో రుద్దుతారు. ప్రతి రంగూ సరిగ్గా అదే చోట పడటానికి పలక అంచున రెండు గాట్లుంటాయి, ఒకటి మూలమట్టంలా, ఇంకోటి అడ్డగీతలా. కాగితం తడి ఆరి వెంట్రుకవాసి కుంచించుకుపోయినా రంగు గీత దాటుతుంది.

చేతి అచ్చును గుర్తుపట్టాలంటే వెనక్కి తిప్పండి. రంగు కాగితంలోకి ఇంకి వెనక లీలగా కనిపిస్తుంది, బారెన్ రుద్దిన వంపులు కూడా ఉంటాయి. 10 రెట్ల భూతద్దం కింద మెషిన్ ప్రింటులో సన్నని చుక్కలు తేలతాయి. చేతి అచ్చులో చుక్కలుండవు, ఒకోచోట చెక్క నార జాడ కనిపిస్తుంది. ఇవి కావాలంటే ఆర్డరు మీద తెప్పిస్తాం. ధర మెషిన్ నకలుకు ఎన్నో రెట్లు ఉంటుంది, ముందే చెబుతున్నాం.

కాన్వాసు మీద వేసిన 120 × 60 సెం.మీ. 'పెద్ద అల' అమ్మడం మానేశాం. ఎక్కువ అడిగేది అదే, అయినా మానేశాం. అసలు బొమ్మ సుమారు 38 × 26 సెం.మీ., ఒడిలో పెట్టుకుని చూసే సైజు. వెడల్పు మూడు పాళ్లయితే ఎత్తు రెండు పాళ్లు. దాన్ని రెండుకు ఒకటి కొలతలోకి కుదిస్తే ఎత్తులో పావు వంతు కోసేయాలి. ఆపైన చట్రం చుట్టూ మడవడానికి నాలుగు వైపులా మరో 4 సెం.మీ. పోతుంది. పైన ఎడమ పక్కనున్న శీర్షిక పెట్టె, హొకుసాయ్ సంతకం అంచు తిరిగి గోడ పక్కకు వెళ్లిపోతాయి. కాన్వాసు నేత సన్నగీతల్ని కూడా మింగేస్తుంది.

గోడ పెద్దదైతే ఒకటి పెద్దది చేయకండి, మూడు పెట్టండి. హిరోషిగె తొకాయిదో బాట (జపాన్‌లో ఒక పాత రహదారి) బొమ్మల్లో కంబారా మంచు, షోనో వాన, హకొనే కొండ మూడూ అడ్డం బొమ్మలే, పక్కపక్కన చక్కగా కుదురుతాయి. ఒక్కోదానికి పైనా పక్కలా 6, కింద 7 సెం.మీ. మౌంటు (మధ్యలో కిటికీలా కోసి బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) వదిలితే 50 × 39 అవుతుంది. మధ్య 5 సెం.మీ. ఖాళీతో, ఫ్రేము చెక్కతో కలిపి మూడూ 170 సెం.మీ. లోపు వస్తాయి. ముగ్గురు కూర్చునే సోఫాకు అది సరిపోతుంది. సోఫా వీపు మీద నుంచి 15, 20 సెం.మీ. పైన తగిలించండి. చాలా ఇళ్లలో మేకు తలుపు ఎత్తున కొడతారు. కూర్చున్నవారికి అప్పుడు గాజు మెరుపు తప్ప బొమ్మ కనపడదు.

ఫ్రేము దగ్గరే ఎక్కువ ప్రింట్లు పాడవుతున్నాయి. ఫ్రేము కట్టే షాపులో మామూలుగా ప్రింటును హార్డ్‌బోర్డుకు మొత్తంగా అంటించేస్తారు. వద్దని ముందే చెప్పండి. వానాకాలంలో కాగితం సాగుతుంది, బోర్డు అంత సాగదు, బుడగలు లేస్తాయి. పైఅంచున మాత్రం రెండు చోట్ల, 2 × 3 సెం.మీ. పల్చటి జపాన్ కాగితం ముక్కలతో వేలాడదీయించండి. మిగతా మూడు అంచులూ వదులుగా ఉండాలి. అంటించడానికి గోధుమ స్టార్చి ఒక పాలు, నీళ్లు నాలుగైదు పాళ్లు కలిపి సన్నసెగ మీద అరగంట తిప్పుతూ ఉడికించిన గంజి చాలు. మైదా పనికిరాదు, పురుగును అదే పిలుస్తుంది. పురుగు రాకుండా మైదాలో మైలుతుత్తం కలపడం మన బైండింగు షాపుల్లో పాత అలవాటు. పుస్తకం అట్టకు అది నడిచిందేమో గానీ, అందులోని రాగి కాగితపు నారను పెళుసు చేస్తుంది.

గాజు ప్రింటుకు తగలకూడదు. 2 మి.మీ. మౌంటు ఉంటే చాలు, ఆ దూరం వచ్చేస్తుంది. తగిలితే చెమ్మకు సిరా గాజుకే అంటుకుని, విప్పినప్పుడు దానితోపాటు లేచొస్తుంది. మౌంటు కిటికీని బొమ్మ అంచు మీదకు రానివ్వకుండా 3 మి.మీ. కాగితం కనపడేలా కోయించండి. ప్రింటు వెనక మొదట యాసిడ్ లేని బోర్డు, దాని వెనకే ప్లైవుడ్. ఫ్రేము వెనక నాలుగు మూలలా 5 మి.మీ. రబ్బరు బిళ్లలు అంటిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. విశాఖ, కాకినాడల్లో ఉన్నవారికి ఇది తప్పనిసరి. వాన కొట్టే బయటి గోడకు, కొత్తగా సున్నం వేసిన గోడకు తగిలించకండి. పూజ గది ఎదుట కూడా వద్దు, సాంబ్రాణి పొగ మీగడ రంగు కాగితానికి ఏడాదిలో తెలిసిపోతుంది.

కొత్త కాగితం వల్ల అసలు సైజు నకలు ధర 1,250 నుంచి 1,480 రూపాయలకు పెరిగింది. 'ఖ' వాయి తీసుకున్నవారి దగ్గర ఆ తేడా తీసుకోం. చెడిన ప్రింటు తిరిగి పంపక్కర్లేదు. వెనక మూల ఫొటో గానీ, ఫ్రేములో ఉంటే పక్కన తెల్ల కాగితం పెట్టి పగటి వెలుగులో తీసిన ఫొటో గానీ పంపండి. ఫ్రేము విప్పి మళ్లీ కట్టించిన ఖర్చుకు రసీదు పంపితే ఇచ్చేస్తాం.

'పెద్ద అల' కొత్త వాయి సిద్ధంగా ఉంది. 'జడివాన' ఇంకా కాలేదు. 1857 నాటి ఆ బొమ్మలో వాన గీతల వరసలు రెండు. ఒకదానికొకటి కొద్దిగా వాలు మారి దాటుకుంటాయి, ఒకటి ముదురు, ఇంకోటి లేత. మా పరీక్ష పట్టీల్లో లేత వరస వంతెన దగ్గర మీగడ కాగితంలో కలిసిపోతోంది. అది విడిగా కనిపించేదాకా ఆ బొమ్మ అమ్మం. ఆగలేనివారు డబ్బు వెనక్కి అడగండి, ఆ వారంలోనే పంపుతాం.