1917 సావరిన్ గురించి అమ్మలుకు

అమ్మలూ,

నువ్వు పంపిన నాలుగు ఫొటోలూ చూశాను. ఫోనులో ఒకసారి, కంప్యూటర్‌లో పెద్దవి చేసి ఒకసారి, "ఎన్నిసార్లు చూస్తారండీ" అని మీ అమ్మ విసుక్కున్నాక ఇంకోసారి. 1917 నాటి సావరిన్, అదే బ్రిటిష్ వాళ్ల బంగారు నాణెం. ఒకవైపు అయిదో జార్జి, రెండోవైపు గుర్రం మీద వీరుడు, గిట్టల కింద డ్రాగన్. ఏ టంకశాలలో కొట్టారో చెప్పే అక్షరం లేదు కాబట్టి లండన్‌ది, లండన్‌ది కాబట్టి అరుదైనది, వెంటనే కొనేయనా అని అడిగావు. డబ్బు ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకు. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

"నిన్ననే అచ్చు వేసినట్టుంది నాన్నా" అన్నావు చూడు, నాకు గిట్టనిది ఆ మెరుపే. అచ్చు పడిన క్షణంలో నాణెం లోహం మధ్య నుంచి అంచు వైపు పారుతుంది. ఆ పారిన జాడలు కంటికి కనబడనంత సన్నని గీతలుగా మిగులుతాయి. వాడని నాణేన్ని ఒకే దీపం కింద పట్టుకుని మెల్లగా తిప్పితే, వెలుగు బండి చక్రం ఆకుల్లా నాణెం చుట్టూ తిరుగుతుంది. అసలు మెరుపు అది. తోమిన నాణెం మీద వెలుగు తిరగదు. ఎటు వంచినా ఇత్తడి చెంబులా అంతటా ఒకేలా తళతళలాడుతుంది. నీ నాలుగు ఫొటోల్లోనూ రాజుగారి చెంప, వెనక ఉన్న ఖాళీ స్థలం, అక్షరాల సందులు ఒకే తీరుగా మెరుస్తున్నాయి. వందేళ్లు దాటిన నాణేనికి అది సహజం కాదు.

నా మొదటి సావరిన్ సంగతి నీకు ఇంతవరకూ చెప్పలేదు, సిగ్గుపడి. అక్షరాల మధ్య ఎర్రటి మరకలు, మెడ దగ్గర మురికి ఉండేవి. పళ్లు తోముకునే బ్రష్షు, పేస్టు తీసుకుని పది నిమిషాలు రుద్దాను. తళుక్కుమంది. మర్నాడు గర్వంగా పట్టుకెళ్లి ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన దీపం కింద ఒక్కసారి తిప్పి, చేతిలో పెట్టేసి, "బంగారం ధర ఇస్తాను, కావాలా?" అన్నాడు. తర్వాత జాలిపడి భూతద్దం ఇచ్చాడు. రాజు ముఖం ముందున్న ఖాళీలో వెంట్రుకల్లాంటి గీతలు వందలు, అన్నీ ఒకే వైపు వంగి, నా మణికట్టు తిరిగినట్టే తిరిగాయి. ఆ గీతలు ఇక పోవు. సావరిన్‌లో పన్నెండు పాళ్లకు పదకొండు బంగారం, మిగిలిన ఒక పాలు ప్రధానంగా రాగి. నేను చూసిన ఎరుపు ఆ రాగిదే. దాన్ని అలాగే ఉంచినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. జిడ్డు ఉంటే అసిటోన్‌లో కాసేపు ముంచి, తీసి, దానంతట అది ఆరనివ్వాలి. గుడ్డతో కూడా తుడవకూడదు.

అరుగుదల సంగతికి వస్తాను. అరుగుదల ఎప్పుడూ ఎత్తుగా ఉన్న చోట మొదలవుతుంది. ఈ నాణెం మీద రాజు గడ్డం, చెవి పైన జుట్టు, వెనక వీరుడి ఛాతీ, గుర్రం భుజం ముందు చూడు. అక్కడ వివరం లేకపోతే అరిగిందని తొందరపడకు. అచ్చు గట్టిగా పడకపోయినా వివరం ఉండదు. తేడా చెప్పేది రంగు. అరిగిన చోట మెరుపు చచ్చి, చుట్టుపక్కల కన్నా మసకగా, నునుపుగా ఉంటుంది. అచ్చు సరిగా పడని చోట బొమ్మ మొద్దుగా ఉన్నా వెలుగు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నాకు ఈ తేడా కంటికి అలవాటు కావడానికి ఏళ్లు పట్టింది. నీకు అంత పట్టదులే, నువ్వు నాకన్నా ఓపికగా చూస్తావు.

గాట్లు వేరు, అరుగుదల వేరు. టంకశాల నుంచి సంచుల్లో పోసి పంపినప్పుడు నాణేలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. బంగారం మెత్తన. అమెరికా వాళ్ల ఇరవై డాలర్ల నాణెం 33.4 గ్రాములు ఉంటుంది, కాబట్టి ఒక్కరోజు కూడా వాడనిదాని మీద సైతం గాట్లు మామూలే. ఆ గాటు జుట్టులో దాక్కుంటే ఎవరూ పట్టించుకోరు. చెంప మీద పడితే విలువ దిగిపోతుంది.

ఇక ఆ అక్షరం. 1917లో సావరిన్లు లండన్‌లోనే కాదు, సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్, కెనడాలోని ఒటావాల్లో కూడా కొట్టారు. బొమ్మ ఒకటే. వీరుడి కింద నేల గీత మీద, సంవత్సరానికి కాస్త పైన, ఎస్, ఎం, పి, సి అన్న చిన్న అక్షరాల్లో ఏదో ఒకటి ఉంటుంది. లండన్‌దానికి ఏదీ ఉండదు. ఆ ఏడాది లండన్ కొట్టినవి 10 లక్షల పైచిలుకు. వినడానికి తక్కువేమీ కాదు, కానీ మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. వాటిలో చాలా భాగం చెల్లింపుల కింద అమెరికా చేరి కరిగిపోయాయని చెబుతారు. అమెరికాలో 1933 నాటి ఇరవై డాలర్ల నాణేలదీ ఇదే గతి. కొట్టినవి 4,45,500. ప్రజల దగ్గరి బంగారాన్ని వెనక్కి తీసుకోవాలని రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఆదేశించాక దాదాపు అన్నీ కొలిమిలోకి పోయాయి, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మిగిలాయి. అందుకని ఎన్ని కొట్టారో చెప్పే పట్టిక చూసి ఎప్పుడూ సంబరపడకు, దిగులూ పడకు.

ఇప్పుడు దొంగ బుద్ధితో ఆలోచించు. సిడ్నీ నాణెం మీది చిన్న ఎస్‌ను గీకేస్తే అది లండన్‌ది అయిపోతుంది. అసలు మొత్తం నాణేన్నే కొత్తగా చేసేవాళ్లూ ఉన్నారు. 1917 లండన్ పేరుతో తిరిగేవాటిలో నకిలీలు మెండు. పది రెట్లు పెంచే భూతద్దంతో ఆ నేల గీతను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూడు. మధ్యలో గీత సన్నబడినా, గీకిన జాడ కనబడినా వదిలేయ్. ఖాళీ స్థలంలో చిన్న బుడిపెలు పైకి లేచి ఉన్నాయా? గుంట అంటే నాణేనికి తగిలిన దెబ్బ అయ్యుండొచ్చు, బుడిపె మాత్రం అచ్చులోని లోపం. అక్షరాల అంచులు సబ్బు మీద చెక్కినట్టు మొద్దుగా ఉన్నా అనుమానించాల్సిందే. రెండు నాణేల మీద ఒకే చోట ఒకే గుంట కనబడితే, ఆ రెండూ ఒకే నకిలీ అచ్చు పిల్లలు.

బరువు తూచు. సావరిన్ 7.988 గ్రాములు, అడ్డం 22.05 మిల్లీమీటర్లు. బ్రిటన్ 1870 నాటి చట్టం ప్రకారం 7.938 గ్రాముల కన్నా తగ్గితే అది చెల్లుబడి అయ్యేది కాదు, అంటే అరుగుదలకు వాళ్లు ఇచ్చిన సందు ఒక గ్రాములో ఇరవయ్యో వంతు. ఎక్కువ తూగినా సంతోషించకు. పతకంగా మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికిన నాణేల అంచున టంకం మిగిలి బరువు పెరుగుతుంది. నీ రెండో ఫొటోలో రాజు తల పైన అంచు కాస్త చదునుగా కనిపించింది. నా అనుమానం అదే. అక్కడ అంచు మీది నిలువు గీతలు చెరిగిపోయి ఉంటే కొక్కెం తీసేసి అరగదీశారని అర్థం.

త్రాసు మంచిదైతే నీటి పరీక్ష కూడా చేయొచ్చు. గిన్నెలో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నాకు తెచ్చి, నాణేన్ని దారంతో గిన్నె అడుగుకు తగలకుండా ముంచు. 0.45 గ్రాముల దగ్గర ఆగాలి. నాణెం బరువును దానితో భాగిస్తే సాంద్రత సుమారు 17.7 వస్తుంది. త్రాసు మూడు దశాంశాలు చూపించకపోతే ఈ లెక్క వృథా, ఒక్క అంకె అటూ ఇటూ అయినా ఫలితం ఎగిరిపోతుంది. పైగా సరైన వన్నె బంగారంతోనే కొట్టిన నకిలీలు ఉన్నాయి. వాటిని త్రాసు పట్టుకోలేదు, కన్నే పట్టుకోవాలి.

గ్రేడు అంకెల గురించి అడిగావు. నాణెం ఎంత బాగుందో చెప్పే మార్కులు అవి. ఆ డెబ్బై మెట్ల కొలత 1949లో షెల్డన్ అనే అమెరికన్ తమ దేశపు పాత రాగి సెంట్ల కోసం వేసుకున్నది. 60, ఆపైన అంటే వాడనిది. 58 అంటే వాడిన జాడ లేశమాత్రం. చెంప నిండా గాట్లున్న 60 కన్నా శుభ్రమైన 58 నాకు ఎంతో ఇష్టం. గ్రేడు వేసే సంస్థలు నాణేన్ని ప్లాస్టిక్ పెట్టెలో మూసి, అంకె రాసిన చీటీ పెడతాయి. నువ్వూ చీటీ మీది అంకెను కొనకు. ప్లాస్టిక్ పెట్టెలకూ నకిలీలు వచ్చాయి. పెట్టె మీది నంబరును ఆ సంస్థ జాబితాలో వెతికి, అక్కడి ఫొటోతో ప్రతి గాటునూ పోల్చుకో.

ధర దగ్గర మాత్రం మనసు రాయి చేసుకో. 7.32 గ్రాముల మేలిమి బంగారం ఆ రోజు ధరకు ఎంత అవుతుందో అంతవరకే ఖాయం. మామూలు సంవత్సరాల నాణేలకు కాస్త అరిగినా పెద్ద తేడా రాదు, వాటిని దాదాపు బంగారంగానే కొంటారు, అమ్ముతారు. అరుదైనదని అమ్మేవాయన అడుగుతున్న అదనమంతా ఆ నేల గీత మీద ఆధారపడి ఉంది. అది నిజమని తేలినా, తోమి, కొక్కెం ఊడదీసిన నాణేనికి పూర్తి ధర అడగడం అన్యాయం.

నాకు మూడు కావాలి. అంచు చుట్టూ తీసిన ఫొటోలు, మూడు దశాంశాల బరువు, ఒకే దీపం కింద నాణేన్ని తిప్పుతూ తీసిన చిన్న వీడియో. తూచడానికి ఆయన ఒప్పుకోకపోతే మర్యాదగా లేచి వచ్చేయ్. నేను తోమిన నాణెం ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. నువ్వు వచ్చినప్పుడు దాన్నీ, ఎవరూ ముట్టుకోని ఇంకోదాన్నీ పక్కపక్కన పెడతాను. ఏది ఏదో నేను చెప్పను, దీపం నువ్వే వెలిగించుకో.

మీ నాన్న