పుష్కరాలలోపు గజ ఈతగాళ్లకు ప్రథమ చికిత్స, ఆక్సిజన్ శిక్షణ ఇప్పించండి

రాష్ట్ర విపత్తు నిర్వహణ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు.

2027 జూన్ నెలాఖరులో గోదావరి పుష్కరాలు మొదలవుతాయి. ఘాట్లు, రోడ్లు, బారికేడ్ల గురించి మీకు విన్నపాలు చాలానే అందుతూ ఉంటాయి కనుక వాటి జోలికి పోకుండా, మునిగినవారిని ఒడ్డుకు చేర్చే గజ ఈతగాళ్ల గురించి మాత్రమే ఈ లేఖ రాస్తున్నాను.

ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల వెంట ఎక్కడ ఎవరు మునిగినా ముందుగా నీళ్లలోకి దూకేది ఆ రేవులోని మత్స్యకారుడో, పడవ నడిపే సరంగో. జాతీయ విపత్తు స్పందన దళం విజయవాడ దగ్గరి కొండపావులూరు నుంచి బయలుదేరి కోనసీమ లంకలకు చేరడానికి గంటలు పడుతుంది. ఆక్సిజన్ అందని మెదడు మాత్రం నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. ఆ నిమిషాలు పూర్తిగా ఈతగాడి చేతిలోనే ఉంటాయి.

ఒడ్డుకు చేర్చాక మన ఊళ్లలో ఇప్పటికీ కనిపించేది పొట్ట నొక్కడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని పరుగెత్తడం. పొట్ట నొక్కితే బయటికి వచ్చేది కడుపులోని నీరే. దానితో పాటు వచ్చిన వాంతి శ్వాసనాళంలోకి జారి ఉన్న ఆశను కూడా పోగొడుతుంది. మునిగి ఊపిరి ఆగినవాడికి మొదట కావలసింది ఊపిరే కనుక ముందుగా ఐదు సార్లు నోటితో గాని మాస్కుతో గాని శ్వాస అందించి, ఆ తరువాత నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, ఐదారు సెంటీమీటర్ల లోతున, 30 సార్లు ఛాతీ నొక్కి రెండు సార్లు ఊపిరి ఇస్తూ పోవాలి. గుండెపోటు కోసం పెట్టే అవగాహన శిబిరాల్లో ఛాతీ నొక్కడం వరకే నేర్పి పంపడం నదీతీరానికి సరిపోదు.

ఆక్సిజన్ విషయం ఇంకొంచెం వివరంగా చెప్పాలి. 1,500 లీటర్లు పట్టే బి-టైపు సిలిండరు, నిమిషానికి 15 లీటర్ల చొప్పున సంచి ఉన్న మాస్కు ద్వారా వాడితే, దాదాపు 100 నిమిషాలు వస్తుంది. లంక నుంచి పడవలో రేవుకు, రేవు నుంచి 108లో ఆసుపత్రికి చేరడానికి అది చాలావరకు సరిపోతుంది. అయితే ఇంజన్ ఆయిలు, గ్రీజు అంటిన చేతులతో వాల్వు తిప్పితే మంట అంటుకోగలదని, పక్కన చుట్ట వెలిగించకూడదని పడవవారికి ఎవరో ఒకరు చెప్పాలి కదా? తేరుకుని లేచి కూర్చున్నవాడిని కూడా ఇంటికి పంపకూడదు, ఎందుకంటే ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తరువాత బయటపడవచ్చు.

ఈతగాళ్ల ప్రాణాలూ ఇందులోనే ఉన్నాయి. ఊపిరి బిగబట్టి మునిగి బకెట్లతో ఇసుక తీసే కూలీలు, దిగేముందు వరుసగా గాఢంగా ఊపిరి పీల్చి వదిలితే, ఊపిరి తీసుకోవాలన్న హెచ్చరిక శరీరానికి అందకముందే నీటి అడుగున స్పృహ తప్పవచ్చు. 2019లో కచ్చులూరు వద్ద మునిగిన పడవను తీసినటువంటి లోతైన పనుల్లో, గాలి గొట్టాలతో దిగేవారికి రక్తంలో నత్రజని బుడగలు కట్టే ముప్పు ఉంటుంది. దానికీ తొలి చికిత్స స్వచ్ఛమైన ఆక్సిజనే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం వల్ల తీరప్రాంత మత్స్యకారులు ఖాళీగా ఉంటారు. పుష్కరాలకు ముందు వచ్చే ఆ రోజుల్లోనే, కాకినాడ రంగరాయ వైద్య కళాశాల వైద్యులు, 108 సిబ్బంది చేత, రేవుల వద్దే, బొమ్మల మీద చేయించి చూపుతూ, తెలుగులో శిక్షణ ఇప్పించాలని, నదిలోనే పనిచేసేవారికి ఆ రోజుల కూలి చెల్లించాలని, ఏటా మరొకసారి సాధన చేయించాలని కోరుతున్నాను. సిలిండర్లను తహసీల్దారు కార్యాలయం బీరువాలో పెట్టి తాళం వేయవద్దు. అవి రేవులో ఉండాలి. వాటిని నింపించే పని దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానిదని, వారానికొకసారి గేజీ చూసి రిజిస్టరులో సంతకం చేయవలసిన ఉద్యోగి ఎవరో కూడా ఉత్తర్వులోనే పేర్కొనాలని ప్రార్థన.

ఇట్లు,
భవదీయుడు,
కోనసీమ వాసి, అమలాపురం